మద్దిలేటి మీసం

మా అక్క కొడుకు మద్దిలేటి మూడేండ్లుగా టీవీలో తడుస్తానే ఉండాడు.

సీరియల్ పేరు 'పసుపుతాడు పందిరి'. దాంట్లో వాడు హీరోకు తమ్ముడు. కథ యాడన్నా ఇరుక్కుంటే వాడు అంగీ ఇప్పి నీళ్ళు పోసుకోవల్ల, అదే వాని పని. అత్తా కోడలూ జుట్లు పట్టుకుంటే వాడు బావికాడ స్నానం చేస్తాడు. ఇంట్లో ముసలాయనకు గుండె నొప్పొస్తే వాడు వానలో నిలబడి ఆకాశం పక్క చూస్తాడు. ఈడ కంబదూరులో మేం ఆకాశం పక్క చూసి చూసి మెడలు పట్టేసినాయి, ఒక చుక్క పడలే. ఆడ వాని ఒక్కని రొమ్ము తడిపేదానికి రోజుకొక ట్యాంకరు. మా వీధికి వారానికొకటి, దానికీ బిందెలతో కొట్లాట.

టీవీలో వాని పేరు అభిలాష్. మద్దిలేటి అనే పేరు చెప్తే ఏ ఆడపిల్లకూ ఒళ్ళు జివ్వుమనదని మేనేజరు చెప్పినాడంట. మద్దిలేటి సామి విన్నాడో లేదో.

నేను జయరాముడు. కళ్యాణదుర్గం నుంచి కంబదూరుకు షేరాటో తోలతా. ఏడో తరగతితో బడి మానేసినోన్ని, నాకు నటన గురించి ఏం తెలుసులే అంటారు అందరూ. కానీ వాని మేనమామనని తెలిసినప్పటినుంచి నా ఆటో ఎక్కే ఆడోళ్ళు ఎక్కువైనారు.

"జయరాముడూ, మీ అల్లుడు అంగీ ఏసుకునేది ఎప్పుడప్పా?" అని ఒక అవ్వ అడిగింది, సంతకు పోతా.

"ఆదివారం అవ్వా. ఆ పొద్దు సీరియల్ లేదు."

"అయ్యో, నేను తీరిగ్గా ఉండేది ఆదివారమే కదప్పా" అని నిజంగానే బాధపడింది.

ఆ రొమ్ము ఏమన్నా దేవుడిచ్చిందా? శెనక్కాయ మూటలు మోపిచ్చి మోపిచ్చి మా బావ బయ్యన్న తయారు చేసిన రొమ్ము. దాని మీద ఎంట్రుకలుంటే ఆడ పనికిరాదంట. బంక పూసి, గుడ్డ అతికించి, సర్రున పీకుతారంట. మేం గొర్రెకు బొచ్చు తీసేటప్పుడన్నా కత్తెరతో తీస్తాం. గొర్రెకుండే మర్యాద లేదు హీరో తమ్మునికి. వాని మొగానికి ఒక లైటు పెడితే బొడ్డుకు రెండు లైట్లు పెడతారు. మూడేండ్లలో వాడు మాట్లాడిన మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద రాసి, ఇంకా అడ్రసు రాసుకోవచ్చు.

పోయినేడు ఫోన్లో వచ్చే సిరీసు ఒకటి చేసినాడు. అది ఇంట్లో అందరూ కూచోని చూసేది కాదు. అందుకని అందరూ విడివిడిగా చూసినారు. మా అక్క యశోదమ్మ సగం చూసి ఫోను బోర్లించి పెట్టిందంట. ఎవరన్నా గుచ్చి గుచ్చి అడిగితే, "ఆ పిల్ల ఎవురో గానీ, మావానికి చలి పెట్టకుండా బాగా చూసుకుంటాండాది" అనేది. మా బావ చూసినాడో లేదో ఎవరికీ తెలీదు. ఆయన ఫోను పెట్టెలో ఉంటుంది, ఛార్జింగు అయిపోతాదని.

ఇన్ని ఇప్పినా వాడు ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు. మీసం.

మా సీమలో నాయన బతికుండంగా కొడుకు మీసం తీయడు. నాయన పోయిన దినం తీసి, కొరివి పట్టుకుంటాడు. వయసు మొగోడు నున్నటి పెదవితో వీధిలో వస్తాంటే, ఎదురుగా వచ్చేటోడు నిలబడి, "ఎప్పుడప్పా నాయన?" అని అడుగుతాడు. మామూలుగా పెరిగిన మర్యాద అది. పేపర్లో రాసి పెట్టింది కాదు.

నెల కిందట మద్దిలేటి ఫోన్ చేసినాడు.

"మామా, సినిమా వచ్చింది. నేనే హీరో."

"అంగీ ఉంటాదా?"

"నగులాట కాదు మామా. డైరెక్టరు మీసం తీయమంటాండాడు. మీసముంటే మొగం పల్లెటూరోని మాదిరి ఉండాదంట. తీసేస్తే పెదాలు బాగా కనపడతాయంట. సినిమా అంతా ఆ పెదాల మీదనే నడుస్తాదంట."

"నడవనీ."

"నాయన్ని నువ్వే అడగల్ల మామా. నేనడిగితే మాట ఇనకుండానే ఫోను పెట్టేస్తాడు. మూడు దినాలు టైమిచ్చినారు. నాయన వద్దంటే నేను చెయ్యను. అమ్మ మీద ఒట్టు. నాయన్ని కాదని నాకు సినిమా వద్దు."

అడుగుతాలే అని ఫోను పెట్టేసినా. పెట్టేసి ఆటోలో అట్లనే కూచున్యా, మనుషులు ఎక్కి 'పోదాం పదప్పా' అనేదాకా.

నేనూ పంతొమ్మిదేండ్లప్పుడు హైదరాబాదు పోయినా. మూడేండ్లుండినా ఆడ. గుంపులో నిలబడినా, గుంపులో ఉరికినా, శవాలేసినా. శవం వేషానికి నన్నే పిలిచేవాళ్ళు, ఊపిరి బాగా బిగపడతానని. ఒక పొద్దు ఒక డైరెక్టరు శవాన్ని పరీక్షగా చూసి, "ఒరేయ్, నీ మొగం బాగుంది, మీసం తీసి రా, మాటలుండే వేషమిస్తా" అన్నాడు. ఆరు డైలాగులు. ఇప్పటికీ నాకు నోటికొస్తాయి ఆరూ. అప్పుడు మా నాయన ఊర్లో ఉక్కు మాదిరి ఉండె. నేను తీయలే. ఆ ఆరూ ఇంకొకనికి పోయినాయి. వాడు తర్వాత కారు కొన్యాడు. నేను ఊరికొచ్చేస్తి. వచ్చిన నాలుగు నెలలకే మా నాయన పోయినాడు, నాకు నున్నగా గొరిగినారు. కొరివి కుండ భుజానికెత్తుకునే ముందు తొట్టి నీళ్ళల్లో చూసుకుంటి. డైరెక్టరు చెప్పింది అబద్ధం కాదు. బాగుంటి.

అందుకని, మద్దిలేటి అడిగితే నాకు భయమేసింది. బావ వద్దంటాడని కాదు. సరే అంటాడేమోనని. 'పోనీలేరా, కాలం మారింది' అని ఆ మనిషి ఒక్క మాట అంటే చాలు, నేను ఇడిచిపెట్టిన ఆరు డైలాగులు ఊరికే ఇడిచిపెట్టినట్లయితాయి.

మూడో దినం మద్దిలేటికి ఫోన్ చేసినా.

"నాయన ఒప్పుకున్యాడురా. తీసేయ్."

బావ తావకు నేను పోనే లేదు. అవతల వాడు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. మీసం తీసి వస్తే బావ వాన్ని గడప తొక్కనిస్తాడా, చూస్తాంలే ఎట్లుంటాదో అనుకున్యా నేను. ఇంకొకడన్నా నా మాదిరి లోపల్లోపల కాలల్ల కదా.

సినిమా పోస్టరు వచ్చింది. మద్దిలేటి అంగీ లేకుండా, మీసం లేకుండా, నోరు రవ్వంత తెరిచి, ఎవరో ఉప్పు లేని సంగటి పెట్టినట్లు చూస్తాండాడు. కళ్యాణదుర్గం బస్టాండు కాడ కుర్రోళ్ళు ఫ్లెక్సీ కట్టినారు. ఫోన్లల్లో ఊరూరికీ పోయింది.

మర్నాడు పొద్దున నా ఫోను మోగింది. రామక్క. మా బావకు సొంత అక్క, మడకశిరలో ఉండాది. నేను ఎత్తలే. ఐదుసార్లు మోగింది. ఎత్తలే. పదకొండు గంటలకు కళ్యాణదుర్గం బస్టాండులో మడకశిర బస్సొచ్చి ఆగితే, దాంట్లోనుంచి రామక్కే దిగింది, ఒక చేత్తో మనవరాలు మౌనికను పట్టుకోని, ఇంకొక చేత్తో కొంగు నోట్లో కుక్కుకోని. నేరుగా వచ్చి నా ఆటోలో కూలబడింది.

"ఎప్పుడు జరిగిందప్పా?"

"ఏం జరిగింది వదినా?"

"నా తమ్ముడు... అయ్యో దేవరే... కొడుకు మీసం తీసి ఫోటో గూడ దిగినాడు, తోడబుట్టినదానికి కబురు చెప్పేటోడే లేడా?"

"వదినా, బావకేం కాలేదు. గట్టిగా ఉండాడు."

"అందరూ ఇట్లే చెప్తారప్పా, ఇంటికి పోయేదాకా. మా ఆయన పోయినప్పుడు గూడ నాకు జరమనే చెప్పి తోడుకోని పోయినారు. నువ్వు ఫోనెత్తలే చూడు, అప్పుడే నాకు ఖాయమైపోయ."

పక్కన కూచున్న ముసలాయన నా తొడ మీద మెల్లగా తట్టినాడు, మంచి పని చేస్తాండావు, దావలో చెప్పొద్దు అన్నట్లు. వెనక సీట్లో ఒకామె నీళ్ళ బాటిలు ముందుకిచ్చింది.

"తాగక్కా. ఏమీ కాలేదంటాండాడు కదా" అని చెప్పి, ఆమే ముందు ఏడ్చింది.

"నిజంగా ఏమీ కాలేదు!" అని అరిచినా.

"పాపం, బావంటే ప్రాణమప్పా ఆయప్పకు" అన్యారు వెనక ఎవరో.

మౌనిక ఒక్కతే బుద్ధిగా మాట్లాడింది. "అవ్వా, సినిమా కోసం తీసినాడేమో అవ్వా."

"సినిమా కోసం నాయన్ని సంపుకుంటారా ఎవురన్నా? నోర్మూసుకో."

కంబదూరులో ఆటో ఆగితే ఎవరూ వాళ్ళ వాళ్ళ ఇండ్లకు పోలేదు. ఎనిమిది మందీ రామక్క వెనకాలే మా అక్కోళ్ళ ఇంటికి నడిచినారు. వీధిలో ఇంకొక పదిమంది కలిసినారు. రామక్క వాకిట్లో నిలబడి "తమ్ముడా!" అని ఒక్క కేక పెట్టింది.

మా బావ బయ్యన్న బయటికొచ్చినాడు. చేతిలో సంగటి ముద్ద, మీసానికి ఊరిబిండి పచ్చడి. అక్కను చూసి, వెనక జనాన్ని చూసి, ఆయన కండ్లల్లో గూడ నీళ్ళు తిరిగినాయి.

"ఎవురక్కా పోయింది?"

రామక్క నోరు తెరిచినట్లే ఉండిపోయింది. "నువ్వే కదరా."

బావ చేతిలో ముద్ద పక్క చూసుకున్యాడు. "నేనా? ఎప్పుడు?"

అంతే, రామక్క రెండు చేతులా ఆయన్ని బాదేసింది. "బతికుండి ఫోనెత్తేదానికి ఏం రోగంరా నీకు! బస్సులో ముగ్గురు ఊరడించినారు నన్ను! మూడు కర్చీఫులు తడిసిపోయ!"

"పెట్టెలో ఉండాదక్కా ఫోను..."

నీళ్ళ బాటిలు ఇచ్చిన ఆమెకు కోపమొచ్చింది, ఊరికే ఏడిపించినారని. మా అక్క యశోదమ్మ పశువుల పాకనుంచి గడ్డిమోపుతో వచ్చి, ఇంటి ముందర జనాన్ని చూసి మోపు అట్లనే ఇడిచేసింది. అప్పుడు మౌనిక ఫోను తీసి పోస్టరు బావకు చూపించింది.

ఆయన చాలాసేపు చూసినాడు. రొమ్మును చూడలే, ఆ ఎర్ర అక్షరాలను చూడలే. బొటనవేలు పెట్టి ఆ పెదవి మీద రుద్దినాడు, అద్దం మీద మరకేమోనన్నట్లు. ఫోటో పక్కకు జరిగిపోయి ఇంకేదో వచ్చింది.

"తీసి ఎన్ని దినాలాయ?"

"వారమై ఉంటాది తాతా."

"నేను పోయి వారమాయ, నాకే చెప్పలే." సంగటి ముద్ద కుక్కకేసి చెయ్యి కడుక్కున్యాడు. "పదకొండో దినానికి ఇంకా నాలుగు దినాలుండాది. గొర్రెపోతును చూసుకోండి. నేనూ వచ్చి తింటా."

వెనక ఎవరో నగినారు. బావ నగలే.

"యశోదా, ఇను. వాడు ఈ గడప తొక్కితే నేను ఈ ఇంట్లో ఉండను. వాని చేతి నీళ్ళు నాకొద్దు. సచ్చినాక గూడ వాని చేతి కొరివి నాకొద్దు. వీధిలో ఎవురినన్నా పిలిచి పెట్టించు."

మా అక్క గోడ పట్టుకోని మెల్లగా కిందికి జారింది. ఏడ్చలే. నా పక్క చూసింది. ఆమెకు నేనొక్కన్నే తమ్ముణ్ణి, పుట్టింటి మనిషినంటే నేనే. ఇది కావల్లనే కదా నేను చేసింది. అయినా ఆటో ఇంజను ఆపినానో లేదో చూసొస్తానని బయటికి నడిచినా.

బయట కారు ఆగింది.

మద్దిలేటి దిగినాడు. తెల్లంగీ, నల్ల అద్దాలు, పాలరాయి మాదిరి మొగం. నిజం చెప్పల్ల, టీవీలో కంటే బాగుండాడు ముండాకొడుకు. బయ్యన్న పోయినాడని ఏడ్చేదానికొచ్చిన ఆడోళ్ళందరూ కొప్పులు సర్దుకున్యారు. ముక్కు చీదుతాండిన ఒకామె మధ్యలోనే ఆపేసింది.

వాడు వచ్చి నన్ను కావలించుకున్యాడు. వాసన గూడ సినిమా వాసనే. "ఇదంతా నీ వల్లనే మామా. మరిచిపోను."

"ఒరే, ఉండు, లోపలికి పోవద్దు..." అన్యా. కానీ వాడు అప్పటికే గడప దాటినాడు. దాటి, నేరుగా పోయి వాళ్ళ నాయన కాళ్ళు పట్టుకున్యాడు.

"నువ్వు ఒప్పుకుంటావని నేను కల్లో గూడ అనుకోలేదు నాయనా. వాళ్ళిచ్చిన మూడు దినాల్లో ఆఖరు దినం మామ ఫోన్ చేసి, 'నాయన సరే అన్యాడు' అంటే నమ్మబుద్ధి కాలే. గొరిగించుకునే కుర్చీలో గూడ ఏడిస్తి. మేకప్పాయప్ప భయపడిపోయ."

వాకిట్లో కుక్క సంగటి నాకే చప్పుడొక్కటే వినపడింది.

బావ తలెత్తి నన్ను చూసినాడు. నేను గుంజకు కట్టేసిన గొర్రెపోతును చూసినా. రామక్క నన్ను చూసింది, మౌనిక నన్ను చూసింది, నీళ్ళ బాటిలు ఆమె గూడ నన్నే చూసింది. మా అక్క ఎవరినీ చూడలే, కొంగు చివర వేలికి చుట్టి, ఇప్పి, మళ్ళా చుడతాండాది. ఇంతమంది ముందర బావ ఒక్క మాట అంటే, నేను ఇంక ఆ వాకిట్లో అడుగు పెట్టేది లేదు, ఆమెకు పండక్కి చీర తెచ్చేటోడు లేడు.

"ఊ" అన్యాడు బావ. "చెప్పినా."

"ఏం చెప్పినావు?" రామక్క ఎగిరింది. "ఇంతసేపూ గొర్రెపోతును కొయ్యమన్యావు!"

"మరిచిపోతి."

"మీసం సంగతి మరిచిపోతారారా ఎవురన్నా?"

"వయసయింది కదక్కా."

"బాగుండాది. రేపు వీధిలో ప్రతివాడూ వాన్ని నిలబెట్టి 'ఎప్పుడప్పా నాయన' అంటాంటే, నువ్వు పక్కనే మీసం దువ్వుకుంటా నిలబడతావా?"

బావ ఆలోచించినాడు. ఆయన ఆలోచించేది బయటికి కనపడతాది, ఎద్దు నెమరేసినట్లు.

"మా నాయన పోయి ఇరవై ఏండ్లాయ. నేను తీసేదానికి ఎవుర్నీ అడగాల్సిన పని లేదు. ఇంట్లో ఇద్దరికీ లేకపోతే, పోయిందెవురో ఎవురికీ తెలీదు." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్యాడు. "జయరాముడూ, ఆటో తీయి."

కుళ్ళాయప్ప కటింగు షాపు కళ్యాణదుర్గం రోడ్డులో ఉండాది. బావ కుర్చీలో కూచోని 'మీసం' అనంగానే కుళ్ళాయప్ప కత్తి కింద పెట్టేసినాడు.

"ఎవురు పోయినారన్నా?"

"ఎవురూ పోలే. గొరుగు."

"ఎవురూ పోకుండా ఎట్లా గొరిగేదన్నా? నా చెయ్యి రాదు."

"అయితే నేనే పోయినాననుకో."

"నువ్వు పోతే మద్దిలేటికి కదన్నా నేను గొరగాల్సింది?"

"వానికి అయిపోయిందప్పా! నాది మిగిలింది. గొరుగు!"

గొరిగినాడు. ఇరవై ఏండ్ల మీసం నాలుగు గీతలకు పోయింది. దాని కింద తోలు తెల్లగా ఉండాది, ఎండ చూడని నేల మాదిరి. నేను బయట నిలబడి బీడీ వెలిగించి, ఆర్పి, మళ్ళా వెలిగించినా.

తిరిగొచ్చేటప్పుడు ఆయన వెనక కూచోలే. నా పక్కనే కూచున్యాడు, సగం బయటికి. వేలితో పై పెదవి తడుముకుంటా ఉండాడు.

"గాలి చల్లగా తగలతాండాది" అన్యాడు.

నేను రోడ్డు పక్కనే చూసి తోలినా.

"ఎందుకు చేసినావని అడగను. మీ అక్క మొగం చూసి ఆడ ఊ అన్యా."

"బావా..."

"నన్ను అడగాల్సింది జయరాముడూ. ఒక్క మాట."

గేరు మార్చినా. మార్చాల్సిన పని లేదు, అయినా మార్చినా. "అడిగుంటే ఏమంటాంటివి?"

ఆయన మళ్ళా ఎద్దు మాదిరి ఆలోచించినాడు. "ఏమో. మొదటి దినం నిన్ను తిడ్తాంటి. రెండో దినం వాన్ని తిడ్తాంటి. మూడో దినం సరే అంటాంటినేమో. వానికి మూడు దినాలు టైమిచ్చినారంట కదా."

గుంత వచ్చింది, నేను తప్పించలే. ఇద్దరం ఎగిరి పడినాం.

ఇంటికాడ జనం ఇంకా పోలే. ఆటో దిగిన బావను చూసి మా అక్క ముందు ఎవరో అనుకొని కొంగు సర్దుకుంది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక నగింది, నేను ఆమె అట్లా నగడం ఎన్నేండ్లకు చూసినానో. "ఇంత మంచి మొగం పెట్టుకోని, ఇరవై ఏండ్లు ఆ పొద కింద దాచిపెట్టినావా!" అనింది, అందరూ వింటాండంగా. రామక్క మాత్రం "అచ్చం మా నాయన పోయిన దినం ఉన్నట్లే ఉండావురా" అని కొత్తగా ఏడ్చను మొదలుపెట్టింది. నాయనా కొడుకూ పక్కపక్కన నిలబడితే ఆ పెదాలు యాడినుంచి వచ్చినాయో గుడ్డోనికి గూడ తెలుస్తాది.

మద్దిలేటి నాయన భుజం మీద చెయ్యేసి ఫోటో తీసి ఫోన్లో పెట్టినాడు. కొంచేపటికి అది కుయ్ కుయ్ అని మోగుతానే ఉండె. మౌనిక చదివి చెప్తాండాది. ఎవరో అమ్మాయి, 'హీరో వద్దు, మామగారే చాలు' అని రాసిందంట. మేనేజరు గూడ ఫోన్ చేసినాడు. సినిమాలో హీరో నాయన వేషం ఖాళీగా ఉండాదంట, మీ నాయన చేస్తాడేమో కనుక్కోమన్యాడంట. డైలాగులు గూడ ఉంటాయంట.

"అంగీ ఇప్పల్నా ఏమి, అడుగు ముందు" అన్యాడు మా బావ.

జనం పడీ పడీ నగినారు. నేను ఆటోలోనే కూచోని ఉంటి. మా అక్క వాకిట్లోకి వచ్చి, కూర పొయ్యి మీద ఉండాది, చెయ్యి కడుక్కోని రా తమ్ముడా అనింది.

"ట్రిప్పుండాదక్కా" అని చెప్పి తిప్పుకున్యా.

నాకు ఆ పూట ట్రిప్పేమీ లేదు.